ఆంటీ వేళ్ళకు లొంగని మూత

మొన్న మా ఊళ్ళోని ఆంగ్ మో కియో పేటలో నీళ్ళు కాచుకునే కెటిల్ కొందామని ఒక దుకాణానికి వెళితే, అక్కడి అమ్మాయి నవ్వుతూ, "యాప్ డౌన్‌లోడ్ చేస్తే చాలు ఆంటీ, వెరీ ఈజీ లా" అంది, ఇక్కడివాళ్ళందరి అలవాటు ప్రకారం మాట చివర ఒక 'లా' తగిలించి. నీళ్ళు మరగడానికి ఫోనెందుకో అడిగే ఓపిక లేక బయటికొచ్చేశాను గానీ, ఒకప్పుడు ఆ దగ్గర్లోనే ఉండిన ఫ్యాక్టరీ మాత్రం రోజంతా కళ్ళ ముందే మెదిలింది.

ఏ బ్రాంచి చదివినవాళ్ళయినా సాఫ్ట్‌వేర్ వైపే పరుగెత్తిన ఆ కాలం మీకూ గుర్తుండే ఉంటుంది. నేనేమో మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి, వస్తువుల డిజైన్‌లో పీజీ శిక్షణ కోసం అనకాపల్లి నుంచి సముద్రం దాటి ఈ దేశానికొచ్చాను. వారంలో సగం యూనివర్సిటీలో పాఠాలు, మిగతా సగం ఆ ఫ్యాక్టరీలో పని. మాకప్పగించిన ప్రాజెక్టు ఒక కొత్త ఎలక్ట్రిక్ కెటిల్. ప్రాజెక్టులో నాకు జత వరంగల్ నుంచి వచ్చిన స్నేహితురాలు. ఇద్దరం బూన్ లే అనే పేటలో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాం. తాతల నాడు విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆవిడది. ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయి, మేము గుమ్మంలో అడుగు పెట్టగానే భోంచేశారా అనడానికి బదులు "మకాన్ అయిందా" అనేది. మొదట నవ్వుకున్నాం, తరవాత మేమూ ఒకరినొకరం అలాగే అడగడం మొదలుపెట్టాం.

చదువు సగంలో ఉండగా నా స్నేహితురాలికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అదే కంపెనీ నన్నూ రమ్మంది.

"సోమవారం లోపల చెప్పమన్నరే. ఈ కెటిల్ పట్టుకోని ఎన్ని దినాలు కూసుంటవ్? నాతోని రా" అని ఆమె ప్రేమగానే బతిమాలింది. ఊళ్ళో నాన్నగారిదీ అదే మాట. శనివారానికి నేనూ వెళ్ళిపోవడానికే సిద్ధపడ్డాను.

ఆ మధ్యాహ్నం, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నమూనా ఊరికే చూపిద్దామని ఆంటీ చేతికిచ్చాను. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు వంకర తిరిగి ఉండేవి. మూత తెరుచుకోవడానికి మేమెంతో ముచ్చటపడి పెట్టిన చిన్న మీటను ఒక వేలితో, తరవాత రెండు బొటనవేళ్ళతో, చివరికి గరిటె కాడతో నొక్కి చూసింది. అది తెరుచుకోలేదు. కెటిల్‌ను మెల్లగా బల్ల మీద పెట్టి, "నీ కెటిల్ బాగుందమ్మా. తప్పు నా వేళ్ళదే లా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

వస్తువు మాది, తప్పు ఆవిడ నెత్తినేసుకుంది. ఆ మాట పట్టుకుని వదల్లేక, సాయంత్రానికి నా స్నేహితురాలితో రానని చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే ఆమె నమూనాలు చేసే మట్టి ముద్ద ముందేసుకుని కూర్చుని, "పొయ్యేదాన్ని ఎట్లాగూ పోతున్న. మూతన్న జేసి పోత" అంది. అరచేతి అంచుతో నెట్టినా తెరుచుకునేలా వెడల్పాటి మీటను ఆ ఆదివారమంతా ఇద్దరం కలిసి మలిచాం.

ఫ్యాక్టరీలో మమ్మల్ని చూసుకునే చీనా ఇంజనీరు అంకుల్‌కి అది నచ్చలేదు. పాత మూతను పోతపోసే అచ్చులు కోయడం అప్పటికే మొదలైంది. నేను ఆంటీ వేళ్ళ సంగతి చెప్పాక ఆయన పిడికిలి బిగించి, వేళ్ళు వాడకుండా పాత మూతనీ మా మట్టి మూతనీ మార్చి మార్చి నెట్టి చూశాడు. "మార్చొచ్చు లా. కానీ నువ్వు చివరిదాకా ఉండాలి" అని ఇంగ్లీషులో అన్నాడు. ఉన్నాను.

కొత్త కెటిల్ ఇంటికి తెచ్చిన రోజు ఆంటీ దాన్ని మెచ్చుకోలేదు. చేయి ఆనించి మూత తెరిచి, నీళ్ళు పోసి, టీలో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగింది. అంతకన్నా పెద్ద మార్కులు నాకు యూనివర్సిటీలోనూ రాలేదు.

కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోయింది. ఆంటీ పోయాక పిల్లలు ఫ్లాట్ అమ్మేశారు. ఇప్పుడు నేను డిజైన్ చేసే ఆఫీసులో మేము గీసింది కంప్యూటర్ తెర మీది నుంచే ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది, వాడినవాళ్ళ అభిప్రాయాలు అంకెలై తిరిగొస్తాయి. అంకెలు బాగున్న రోజున కూడా, ఎవరి వంటింట్లోనైనా ఓ మూల కూర్చుని, మేము చేసిన వస్తువుతో వాళ్ళెలా అవస్థ పడుతున్నారో చూడాలనిపిస్తుంది. అలా చొరవగా వెళ్ళి కూర్చోగలిగే వంటిల్లు ఈ ఊళ్ళో నాకిప్పుడు ఒక్కటీ లేదు.