సవతికి కుట్టిన సుట్టబట్ట

నేను శంషాబాద్‌కు కాపురానికి వచ్చేసరికే ఇంట్లో నాకో సవతి ఉంది. నల్లగా నిగనిగలాడేది. మా ఆయన ఆమెను అక్షరాలా నెత్తిన పెట్టుకునేవాడు.

చుట్టూ తిప్పడమెందుకు, అవి హెడ్‌ఫోన్లు. ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టులు బాగుచేసే ఉద్యోగం ఆయనది. రోజంతా మోటార్ల రొదలో ఉండి ఇంటికొస్తే ఇక్కడ విమానాల మోత. అందుకే పెళ్లికి ముందు కూడబెట్టిన జీతమంతా పోసి ఆ విదేశీ సరుకు కొన్నాడు. ధర ఎంతో మా అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. చెబితే "గా పైసలకు పాడిబర్రె వస్తుండె గదరా" అని వాడకట్టంతా వినేలా రాగం తీసేది.

డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చెవులు తుడుచుకుని మరీ వాటిని పెట్టుకునేవాడు. కళ్లు మూసుకున్నాడంటే ఇక ఇల్లు అంటుకున్నా తెలియదు. కాసేపటికి ముఖంలోకి ఒక నవ్వు వచ్చేది. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ నవ్వు రాలేదు, నేను బాగా గమనించాను. కుళ్లుగా ఉండేది నాకు. అంతగా ఏం వింటున్నాడో నాకూ వినాలని ఉండేది. ఒకసారి అడిగేశాను.

"నీ నెత్తికి నూనె ఉన్నది. మెత్తలు ఖరాబైతయి," అన్నాడు, చెవులను కప్పే ఆ గుండ్రటి తోలుమెత్తలను తడుముతూ.

నూనె లేని రోజు నాకెక్కడిది? మా పుట్టిల్లు హిమాయత్ సాగర్ పక్కన. పొడితలతో తిరిగితే ఇంటికి దరిద్రమని తిట్టే అమ్మ చేతిలో పెరిగాను. నీ పాటో నా నూనో చూద్దామనుకున్నాను. నూనె మానలేదు, మళ్లీ అడగనూ లేదు.

పెళ్లైన మరుసటేడు, అంటే రెండు వేల పన్నెండులో, ఆ మెత్తలే ఆయనను మోసం చేశాయి. మొదట కనిపెట్టింది మా అత్త. కొడుకు చెవుల చుట్టూ, చెంపల మీద నల్లటి మచ్చలు.

"గజ్జి లేసింది బిడ్డా, జర వేపనూనె తే," అని నన్ను కేకేసి, డ్యూటీకి బయలుదేరిన మనిషిని గడపలోనే కూర్చోబెట్టి రెండు చెవులకూ దట్టంగా పట్టించింది. ఆ కంపుతోనే కంపెనీ బస్సెక్కాడు. నా తలనూనెకు వంక పెట్టినందుకు దేవుడు బాగా బుద్ధి చెప్పాడనుకుని, వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

సాయంత్రానికి తేలింది, అది గజ్జి కాదు, మెత్తల పైతోలు పొలుసులుగా రాలుతోందని. లోపలి స్పాంజి బయటపడింది. అలా వింటే మద్దెల మోత పోయి గొంతొక్కటే పీలగా మిగులుతోందట. కొత్త మెత్తలు దేశం బయటి నుంచి రావాలట, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారట షాపువాళ్లు. ఆయన హెడ్‌ఫోన్లను బీరువాలో పెట్టి తలుపు మూశాడు.

సవతి పీడ విరగడైందని నేను పండగ చేసుకోవాలి. చేసుకోలేకపోయాను. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, అలవాటుగా చెవులు తుడుచుకుని, ఉత్త చేతులతో గోడకు చేరబడి కూర్చునేవాడు. ఆ నవ్వు నా కోసం కాకపోతే మానె, ఇంట్లో ఉంటే చాలనిపించింది.

ఒక పగటిపూట బీరువా తీసి, అంచు పట్టి లాగితే ఒక మెత్త చేతికి ఊడి వచ్చింది. అత్తకు చూపించాను.

"ఏందే గిది? సుట్టబట్ట లెక్కనే ఉన్నది," అంది. నీళ్లబిందె మోసేటప్పుడు తలమీద గుండ్రంగా చుట్టి పెట్టుకునే గుడ్డను మేం అలా అంటాం. "గీ సుట్టబట్టకా వాడు గంత పరేషాన్ అయితున్నడు? నువ్వే కుట్టరాదు!"

నాకు మిషన్ వచ్చు. మైలార్‌దేవ్‌పల్లిలో ఆటో సీట్లకు వేసే రెగ్జిన్ ముక్క తెచ్చి, పరుపులోంచి దూది లాగి కూరి, ఆ సాయంత్రానికే జత పూర్తి చేశాను. గొప్పగా చేతికిచ్చాను. పెట్టుకుని విన్నాడు.

"డబ్బాల కూసోని పాడినట్టున్నది," అన్నాడు. నా ముఖం చూసి, "కానీ మంచిగనే ఉన్నది," అన్నాడు.

అబద్ధమాడటం కూడా రాని మనిషి. నాకు ఒళ్లు మండి, ఆయన చూస్తుండగానే వాటిని కత్తెరతో పరపరా కోసేశాను.

"ఇగ నువ్వే చెప్పు. ఎట్లుండాలె?"

అప్పుడు నోరు విప్పాడు. మెత్తకూ చెంపకూ మధ్య గాలి పోయే సందు ఉండకూడదట. చెవికి స్పీకరు మరీ దూరం కాకూడదట. నొక్కితే దిగాలి, వదిలితే లేవాలి. చేతులు తిప్పుతూ, నా చెంపమీదే వేళ్లు పెట్టి చూపిస్తూ, అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. పెళ్లైనప్పటి నుంచి ఒక్క బిగిన నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే. నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

మరుసటి సెలవురోజు ఇద్దరం బండిమీద కాటేదాన్ వెళ్లి, కుషన్లు చేసే షెడ్డులో మంచి స్పాంజి ముక్కలు ఏరుకొచ్చాం. పైన వేయడానికి మాత్రం అంత పలచని, మెత్తని తోలు ఎక్కడా దొరకలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. పెళ్లికి మా మేనమామ పెట్టిన మెత్తటి తోలు హ్యాండ్‌బ్యాగు, విప్పని ప్లాస్టిక్ కవరుతో పెట్టెలోనే ఉంది. కత్తెర వేశాను. అత్త నెత్తి కొట్టుకుంది.

"కూరగాయలకు పోనీకి గోనెసంచి చాలదా అత్తమ్మా," అన్నాను.

ఈసారి తొందరపడలేదు. తిరగేసి కుట్టి, తిప్పి, స్పాంజి పొదిగి, జాకెట్టు అంచుకు వేసినంత సన్నగా చేతికుట్టు వేశాను. వెనక అంచు సాగి పట్టుకునేలా లంగాకు వేసే ఎలాస్టిక్ పెట్టాను.

ఆఖరి కుట్టు పడేసరికి ఆదివారం పొద్దునైంది. నేను తలస్నానానికని నెత్తినిండా నూనె పెట్టుకుని, చెంపల మీదికి కారుతుండగా కూర్చుని ఉన్నాను. ఆయన వచ్చి మెత్తలను బొటనవేలితో నొక్కి చూశాడు. దిగాయి, లేచాయి. ఒక్కొక్కటే హెడ్‌ఫోన్ల అంచుకు లాగి తొడిగాడు, పాట పెట్టాడు. ఆ నవ్వు ఎప్పుడొస్తుందా అని ముఖంలోకే చూస్తున్నాను.

ఆయన పెట్టుకోలేదు. తెచ్చి నా తలమీద పెట్టబోయాడు.

"ఓయ్, నూనె!" అని వెనక్కి జరిగాను.

"అంటనియ్యి. మళ్ల కుట్టేటిదానివి నువ్వే గద," అన్నాడు, పెట్టేశాడు.

విమానం మోత ఆగిపోయింది. అత్త దంచుతున్న రోలు చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి పాట ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంది, నా పక్కనే కూర్చున్నట్టు.

"అత్తమ్మా! ఊపిరి తీస్కుంటున్నది! నాకు ఇనొస్తున్నది!" అని నేను అరిచిన అరుపుకు అత్త రోకలితోనే పరుగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూశారు. నేను అరిచానన్న సంగతి వాళ్లను చూశాకే నాకు తెలిసింది.

ఎదురుగా మా ఆయన నవ్వుతున్నాడు. అదే నవ్వు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. నూనె కొత్త మెత్తల మీదికి దిగుతూనే ఉంది. నేను తీయలేదు.