భీమడోలులో దిగిపోయినావిడ

సెలవుల్లో చదవడానికి మంచి నవల అడిగితే ఏలూరులో పుస్తకాల కొట్టాయన ఒకటి చేతిలో పెట్టాడు. "పట్టుకుంటే వదలరండీ," అన్నాడు. నిజమే, కాకపోతే వదలనిది నేను కాదు, రైల్లో నా పక్కన కూర్చున్నావిడ.

ఇంటి దగ్గర సగం చదివి, మిగతాది రైల్లో తెరిచాను. అప్పటిదాకా జరిగిన కథంతా నా చేత చెప్పించుకుని, ఆవిడ నా భుజం మీంచి చదవడం మొదలుపెట్టింది. పేజీ తిప్పబోతే, "ఆగండాగండి, ఇంకా నాలుగు లైన్లున్నాయండీ," అంటుంది. విసుగొచ్చి పుస్తకం ఆవిడకే ఇచ్చేయబోయాను.

"అయ్యో, వద్దండీ! మీ పుస్తకం మీరు చదువుకోండి, నాకెందుకండీ," అని మర్యాదగా నా వైపు తోసి, ఆగిన లైను మీద వేలు పెట్టింది.

సరిగ్గా హంతకుడు దొరికే చోట భీమడోలు వచ్చింది. ఆవిడ దిగి, కిటికీ చువ్వలు పట్టుకుంది.

"ఎవరండీ చంపింది? కాస్త చూసి చెప్పండి, బండి కదిలిపోతోంది!"

గబగబా పేజీ తిప్పి, పోలీసులు పట్టుకున్నవాణ్ణి చూసి అరిచాను. "మేనేజరండీ!"

"నేననుకుంటూనే ఉన్నానండీ!" అని సంబరంగా చెయ్యి ఊపింది.

తాడేపల్లిగూడెం చేరేలోపు నవల అయిపోయింది. చంపింది మేనేజరు కాదు, డాక్టరుగారి భార్య.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా బండి భీమడోలులో ఆగిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీద ఆవిడ కోసం వెతుకుతాను. ఆ మేనేజరు ఏ పాపం ఎరగడని ఆ ఊళ్ళో ఒక్కరికి చెప్పాలి.