గోడల పట్నం పడకపోతే

శనివారం వస్తే మా సోషల్ సారుకు పిచ్చి లేస్తుందని సూర్యాపేట హైస్కూల్లో అందరూ అనేవాళ్ళు. వారమంతా పుస్తకంలో ఉన్నదే చెప్పేవాడు. శనివారం చివరి పీరియడ్‌లో మాత్రం బోర్డు మీద 'కాకపోతే' అని పెద్ద అక్షరాలతో రాసి, ఆ వారం చెప్పిన పాఠంలోంచి ఒక సంగతిని తీసేసేవాడు. అది జరగలేదనుకుని తర్వాత ఏమవుతుందో మేము చెప్పాలి. ఎవరైనా ఎగిరి దూకితే ఒప్పుకునేవాడు కాదు. సారుది కోదాడ అవతల ఊరు, మాట కృష్ణా జిల్లా వైపు మొగ్గేది.

"గాల్లో మేడలు కట్టకండమ్మా. మెట్టు తర్వాత మెట్టు చూపించండి" అనేవాడు.

ఎనభైల చివర్లో నేను పదో తరగతి. మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర లంబాడీ తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు. ఉండేది హాస్టల్లో. నోరు తెరిస్తే యాసకు నవ్వుతారని క్లాసులో మూగదానిలా కూర్చునేదాన్ని. ఇంటికి పోతే మాత్రం నా నోటికి ఎవరూ ఆగేవాళ్ళు కాదు.

ఆ వారం పాఠం కాన్‌స్టాంటినోపుల్ పతనం. పుస్తకంలో నాలుగు వరుసలే. 1453లో తురుష్కులు ఆ నగరాన్ని పట్టుకున్నారు, తూర్పు దేశాల వర్తకానికి పాత దారి కష్టమైంది, యూరప్ వాళ్ళు ఇండియాకు సముద్రం దారి వెతికారు. పరీక్షకు అంత చాలు. సారు మాత్రం పుస్తకం మూసి, అందులో లేనిది చెప్పాడు. రోమ్ నగరం పోయాక కూడా దాని రాజ్యం ఈ పట్నంలో దాదాపు వెయ్యేళ్ళు నిలిచిందట. అక్కడి జనం మాట్లాడేది గ్రీకు, తమను తాము రోమన్లమనే చెప్పుకునేవాళ్ళట. పట్నం చుట్టూ వరుస మీద వరుసగా గోడలట. చివరికి ఒక చిన్న దర్వాజకు ఎవరో గడియ పెట్టడం మరిచిపోతే శత్రువులు అందులోంచే జొరబడ్డారని ఒక కథ కూడా ఉందట.

వెయ్యేళ్ళు! మా తండా వెలిసి వంద ఏళ్ళయిందేమో, దానికే మా పెద్దలు ఎంతో పురాతనమన్నట్టు మాట్లాడతారు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఆ భాష సంగతి. మాట్లాడేది ఒకటి, చెప్పుకునే పేరు ఇంకొకటి. ఇలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి బతికేది మేమొక్కళ్ళమే అనుకున్నాను అప్పటిదాకా. ఆ సాయంత్రం హాస్టల్లో నేను ఆ పట్నం కోసం ఏడ్చాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని పక్క మంచం అమ్మాయి ఎగతాళి చేసింది.

శనివారం సారు ఆ పట్నం పతనాన్నే తీసేశాడు. జీవితంలో మొదటిసారి నేను చెయ్యి ఎత్తాను.

పట్నం పడలేదు. మిరియాలు, బట్టలు పోయే పాత దారి తెరిచే ఉంది. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిన అవసరం ఎవరికీ లేదు. పోర్చుగీసు ఓడ మన ఒడ్డుకు రాలేదు. "అయితే?" అన్నాడు సారు. అయితే మనకు మిరపకాయ లేదు, ఆ ఓడల్లోనే వచ్చిందని మీరే చెప్పారు కదా సార్ అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను ఆగలేదు. పోర్చుగీసువాళ్ళ వెనక ఇంగ్లీషువాళ్ళూ రాలేదు. బడిలో ఇంగ్లీషు పీరియడ్ లేదు, గ్రీకు పీరియడ్ ఉంది. లెక్కల్లో మనం రాసే పై, తీటా ఆ భాష అక్షరాలేనని సారు బోర్డు మీద రాసి చూపించాడు. అంటే వాళ్ళ ఓనమాలు కొన్ని మా నోట్సుల్లో అప్పటికే ఉన్నాయి! గ్రీకు వర్తకులు ఎర్ర సముద్రం మీదుగా మచిలీపట్నం వస్తారు. సూర్యాపేట బస్టాండులో బోర్డులు తెలుగు, ఉర్దూ, గ్రీకుల్లో ఉంటాయి.

"మరి మచిలీపట్నం నుంచి ఆ సరుకు ఇక్కడికి ఎవరు తెస్తారు?" అన్నాడు సారు.

"మేమే సార్."

ఎవరూ నవ్వలేదు. నాకే ఆశ్చర్యమేసింది. మా పూర్వీకులు వందల ఎడ్ల మీద సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మోసుకొచ్చేవాళ్ళని, దాన్ని లదేణి అంటారని, ఇంగ్లీషువాళ్ళ రోడ్లు, రైళ్ళు వచ్చాక ఆ బిడారులు ఆగిపోయి మేము కూలీలమయ్యామని మా తాత చెప్పే మాటలే చెప్పాను. ఇంగ్లీషువాళ్ళు రాకపోతే ఎడ్లు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఆ గ్రీకు పట్నం దాకా కూడా పోతాయేమో!

"ఆగు. రైలు ఇంగ్లీషువాడే వెయ్యాలా? గ్రీకువాడు వెయ్యడా?" అన్నాడు సారు. "ఈ మెట్టు మీ తాతను అడిగి రా" అన్నాడు.

మర్నాడే తండాకు పోయాను. మా తాత లదేణి చూసినవాడు కాదు, కానీ దారంతా అతనికి నోటికి వచ్చు. మచిలీపట్నం, బెజవాడ, నందిగామ, కోదాడ, సూర్యాపేట అని తన తాత నేర్పిన మజిలీలను వరస తప్పకుండా చెప్పేవాడు. దూరాన్ని మైళ్ళలో చెప్పేవాడు కాదు, నీళ్ళలో చెప్పేవాడు. ఎడ్లు ఒకసారి నీళ్ళు తాగిన చోటి నుంచి మళ్ళీ తాగే చోటు దాకా ఒక నీరు. ఫలానా ఊరు రెండు నీళ్ళ దూరం, ఫలానాది ఆరు నీళ్ళు. నడవలేక పిల్లలు ఏడ్చినా, ఎడ్లు మొరాయించినా, ముందు నడిచే నాయకుడు, అంటే తాతకు తాత, ఒక్కటే మాట చెప్పేవాడట: ఇంకొక్క నీరే. ఇంకా పది నీళ్ళున్నా అదే మాట.

తాత జొన్నరొట్టె, ఎర్ర కారం తింటున్నాడు. పక్కన కూర్చుని పట్నం కథంతా చెప్పాను. మేము మాట్లాడుకున్నది మా భాషలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మిరపకాయ లేదా? అయితె గా గోడల పట్నం పడ్డదే మంచిదాయె" అన్నాడు.

"కానీ మన ఎడ్లు ఉంటయి తాతా."

తాత నమలడం ఆపేశాడు. రొట్టె మీది కారం వైపు చూశాడు. "అంటె ఇది మన చేతిల పెట్టి, గా ఎడ్లను తీస్కపోయిన్రన్న మాట" అన్నాడు. రైలు గురించి సారు వేసిన ప్రశ్న నేను అడిగితే ఆలోచించను కూడా లేదు. "రైలు ఏస్తె ఏస్తరు. పట్టాల కాడికెల్లి ఊరి దాక ఎవడు మోస్తడు? ఉప్పు నడిసొస్తదా?" ఆ తర్వాత అడిగాడు. "గా దర్వాజ మూయనోడు ఎవడు?"

సారుకూ తెలియదని చెప్పాను. ఎక్కడో కూలిన గోడకూ మా తాత చేతిలోని రొట్టెకూ మధ్య దారి కనిపించిన రోజది. భయం వేసింది, సంతోషమూ కలిగింది. లోకం ఇంత సన్నటి దారం మీద వేలాడుతోందా అనిపించింది.

మూడు నెలల పరీక్షలో ఆ పట్నం దూరాన్ని నీళ్ళలో రాశాను. సారు దాని కింద ఎర్ర గీత గీసి, 'పరీక్షలో కిలోమీటర్లు రాయి. నాకు చెప్పేటప్పుడు నీళ్ళలోనే చెప్పు' అని రాశాడు.

పది పాసయ్యాను. కోదాడలో ఇంటర్ సీటు, హాస్టల్ దొరికాయి. కానీ అమ్మానాన్నలు అప్పటికే మిర్యాలగూడ రైస్ మిల్లులో పనికి కుదిరారు. నాన్న బస్తాలు మోసేవాడు, అమ్మ ఉడికిన వడ్లు ఆరబోసేది. పది అయింది, చాలు, మిల్లుకు రమ్మని నాన్న కబురు పెట్టాడు. నాన్న మీద నాకు పీకల దాకా కోపం వచ్చింది. నాన్నతో తేల్చుకుందామని తాత కర్ర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు.

మిట్టమధ్యాహ్నం చేరాము. సిమెంటు కళ్ళం మీద ఆవిరి పొగలు. అమ్మ ఆ వేడి వడ్లలో కాళ్ళీడుస్తూ చాళ్ళు తీస్తోంది. నాన్న వీపు మీది బస్తా దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. అతని నడుం చూశాక నా కోపం సగం పోయింది. నిజంగానే ఇంకో రెండు చేతులు కావాలి వాళ్ళకు.

తాత అక్కడే నిలబడి, గోడల పట్నం, దర్వాజ, ఓడలు, ఎడ్లు, అన్నీ చెప్పుకొచ్చాడు. నాన్న విసుక్కున్నాడు.

"అత్తకు మీసాలొస్తె మామ అయితదంట. ఎన్నడో కూలిన గోడతోని మనకేం పని నాయినా?"

"మన ఎడ్లు గా దర్వాజలకెల్లే పోయినయ్‌రా. అది మూయనోడు ఎవడో ఈ పిల్ల సదివి చెప్తది. ఎరికయ్యేదాక ఆపకు."

నాన్న నవ్వాడు. తర్వాత దించిన బస్తా వైపు చూశాడు. "ఎడ్లు పోయినయి గని మోసుడు పోలే" అన్నాడు మెల్లగా. మళ్ళీ బస్తా ఎత్తుకుంటూ నాకేసి తిరిగి, "పో. ఎరికైనంక మాత్రం మిల్లుకు రావాలె" అన్నాడు.

అలా నా చదువుకు గడువు పడింది. కోదాడ కాలేజీ లైబ్రరీలో ఆ పట్నం మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం తవ్వుకుంటూ చదివాను. ఇంటర్ మొదటి ఏడాదిలోనే సంగతి తేలిపోయింది. ఆ దర్వాజ మూయనివాడెవరో ఎవరికీ తెలియదు. అసలా కథే నిజం కాదేమోనని కొందరి అనుమానం. వెతకడానికి మనిషే లేడంటే, నేను చదవడానికి కారణమూ లేదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను, ఎవరితోనూ అనలేదు.

సెలవులకు పోయినప్పుడల్లా తాత అడిగేవాడు. "ఎరికైందా?"

"ఇంక లేదు తాతా."

"మంచిది. ఎతుకు."

ఇంటర్, డిగ్రీ, ఆ పైన పీజీ, బీఈడీ. అన్నేళ్ళూ అదే ప్రశ్న, అదే అబద్ధం. మధ్యలో ఇంకా చాలా తెలిసింది. ఒక్క పట్నం పడినందుకే ఓడలు బయల్దేరలేదని, చరిత్ర మా సారు మెట్లంత తిన్నగా ఉండదని తెలిసింది. అయినా ఆ శనివారం కలిగిన అబ్బురం ఇప్పటికీ తగ్గలేదు. మిరపకాయ తుంచినప్పుడల్లా నాకు ఆ గోడలు కనిపిస్తాయి.

తొంభైల చివర్లో గరిడేపల్లి దగ్గర హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం పట్టుకుని తండాకు పరుగెత్తాను. తాత పగలంతా మంచం మీదే ఉంటున్న రోజులవి. కాగితం చేతిలో పెట్టాను. తడిమి చూసి, అలవాటుగా అడిగాడు. "ఎరికైందా?"

ఇక దాచలేకపోయాను. "ఎవరికీ ఎరికలేదంట తాతా. ఇంటర్‌లనే చదివిన. నాయిన మిల్లుకు రమ్మంటడని భయపడి ఇన్నేండ్లు అబద్ధమాడిన."

తాత నవ్వాడు. "నాకు మిల్లు కాడనే ఎరికే బిడ్డా. దర్వాజ కాడ ఉండేటోడు కూలోడు. కూలోని పేరు ఎవడన్న రాసి పెడ్తడా?"

"మరి నాయినతోని గట్లెందుకు చెప్పినవ్?"

"మోయలేక ఎడ్లు కూలబడితె మా తాత ఏం చెప్పేటోడు?"

"ఇంకొక్క నీరే అని."

తాత తలూపి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి దాహం అన్నాడు. కాగితం పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి తాగించాను.