నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలు

నందికొట్కూరులో ఒక వేరుశనగ వ్యాపారి ఇంట్లో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి అబద్ధాలకోరని పేరు పడి బయటికి వెళ్లాడు. అబద్ధం చెప్పింది అతను కాదు, నేను.

అప్పట్లో నాకు కర్నూలులో చిన్న ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉండేది. ఆ వ్యాపారి ఇంటికి ఒక పెట్టె తయారుచేసి హాల్లో గోడకు బిగించాను. కరెంటు ఎప్పుడొచ్చినా బోరు మోటారు అదే వేసేది, ట్యాంకు నిండితే ఆపేది, పొద్దుగూకగానే వరండా లైట్లు వెలిగించేది. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పెట్టాను. ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చూపించే అంకె కూడా ఉండేది కానీ, అది సెకన్లలో.

"ఏమప్పా ఇంజనీరూ, మూడు లచ్చల డెబ్బై వేలంటే వచ్చినోళ్లకు ఏమని చెప్పాల? మనిషి సదివే మాదిరి పెట్టు," అన్నాడు వ్యాపారి.

ప్రోగ్రాం మార్చాను. అంకెల కింద బోర్డులు రాసే అతనితో రోజులు, గంటలు, నిమిషాలు అని పెయింటుతో రాయించాను. ఒక సాయంత్రం నాలుగింటికి లెక్క సున్నా నుంచి మొదలైంది.

వ్యాపారి మురిసిపోయాడు. పెట్టెకు రోజూ బొట్టు పెట్టించేవాడు. ముప్పై రోజులు దాటాక, "మనూరి టాకీసులో ఏ సినిమా గూడా ఇన్ని దినాలు ఆడలేదు," అంటూ యాభై రోజుల పండగ తలపెట్టాడు. టెంకాయ కొట్టి లడ్లు పంచాలి. ఆత్మకూరు నుంచి ఇద్దరు వ్యాపారులను పిలిచాడు. చూసి నచ్చితే వాళ్లూ నాతో పెట్టెలు చేయించుకుంటామన్నారు.

పండగ రోజు పొద్దున వ్యాపారి నుంచి దుకాణానికి ఫోన్ వచ్చింది. "ఉన్నపళంగా రా."

నేను వెళ్లేసరికి ఆత్మకూరు వాళ్లు హాల్లో కూర్చుని ఉన్నారు. పెట్టెకు బంతిపూల మాల. అంకెలు చూస్తే సున్నా రోజులు, రెండు గంటలు, పదకొండు నిమిషాలు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉండి మోటారు, పెట్టె చూసుకునే మనిషి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. తొమ్మిదింటికి మాల వేసింది అతనే.

"మాలేసేటప్పుడు స్విచ్చి ఆపినావు. ఒప్పుకో," అన్నాడు వ్యాపారి అతనితో.

"లేదు సామీ. బొట్టు పెట్టి మాలేసినా. స్విచ్చి ముట్టనే లేదు."

"మరి దినాలన్నీ యాడికి పోయినాయి? రెక్కలొచ్చినాయా?"

ఆత్మకూరు అతిథి నవ్వాడు. "సినిమా మళ్లీ మొదటి ఆట నుంచి ఏసినారులేప్పా!"

వ్యాపారి ముఖం ఎర్రబడింది. "చెయ్యి తగిలిందని ఒక్క మాట చెప్పు, ఇంతటితో వదిలేస్తా."

"తగల్లేదు సామీ. తగిలిందని ఎట్ల చెప్పేది?"

పెట్టె మూలన మామూలు టైము చూపించే అంకెలు వేరే ఉన్నాయి. పెట్టె ఒక్క క్షణం ఆగినా అవి పన్నెండుకు పోతాయి, మళ్లీ నేను వచ్చి సరిచేయాలి. అవి పదకొండూ పదమూడు చూపిస్తున్నాయి. సరైన టైమే. అంటే పెట్టె ఆగనే లేదు.

పెట్టె లోపల నేను సెకనులో వెయ్యో వంతులు లెక్కపెట్టించాను. ఆ లెక్కకు ప్రోగ్రాంలో నేనిచ్చిన చోటు నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలకు నిండిపోతుంది. నిండితే మళ్లీ సున్నా. అది నిండింది ఆ పొద్దున తొమ్మిదింటికి, సరిగ్గా మాల వేసే వేళకే. మనుషులు చదివేలా మార్చిన రోజు ఈ సంగతి నాకు తట్టనే లేదు.

వ్యాపారి నా వైపు తిరిగాడు. "ఇంజనీరూ, నువ్వు చెప్పు. తప్పు నీ పెట్టెదా, ఈయప్పదా?"

ఆత్మకూరు వాళ్లు నన్నే చూస్తున్నారు. అతనూ చూశాడు, తన పక్షాన మాట్లాడే మనిషి వచ్చాడన్నట్టు.

"పెట్టెలో ఏ తప్పూ లేదు," అన్నాను తల వంచుకుని.

అతను నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాపారి ఆపలేదు. ఆత్మకూరు వాళ్లు ఆ సాయంత్రమే ఇద్దరూ తమకూ పెట్టెలు చేయమని చెప్పారు. మరుసటి వారం సర్వీసని వెళ్లి, లెక్కకు చోటు పెంచి వచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత అతను కర్నూలులో ఒక గోదాముకు కాపలా ఉన్నాడని తెలిసి వెళ్లాను. జరిగింది మొత్తం చెప్పాను. అతనికి కోపం రాలేదు.

"నేను ముట్టలేదని నాకు తెలీదా? నాకెందుకు చెప్తాండావు? పోయి ఆయనకు చెప్పు."

రెండు నెలలు వాయిదా వేసి, చివరికి వెళ్లాను. వ్యాపారి ముసలివాడయ్యాడు. అంతా విన్నాడు.

"ఒప్పుకుంటే వదిలేస్తా అంటినే," అన్నాడు మెల్లగా. తర్వాత, "యాడుండాడు ఆయప్ప?" అని అడిగాడు.

గోదాము గుర్తులు చెప్పాను. ఆయన వెళ్లాడో లేదో నాకు తెలియదు. ఊరికి చెప్పాల్సింది మిగిలింది, అందుకే ఇది రాశాను.