బాబాయి పాతిన బోర్డు

మా బాబాయికి అబద్ధం ఆడటం చేతకాదు. పాలు ఒలకబోసి పిల్లి మీదకు నెట్టబోయినా ముఖమే పట్టిచ్చేస్తుంది. అలాంటి మనిషి ఉద్యోగంలో రోజూ అబద్ధమాడేవాడు, అదీ బోర్డు పెట్టి మరీ.

ఆయన కొండ మీద అటవీ శాఖ కాపలాదారు. చెట్లు కూడా ఎక్కలేక ఆగిపోయిన ఎత్తులో, ఎప్పుడూ గాలి కొట్టే రాళ్ళ సందుల్లో, మోకాలెత్తు పొదలు కొన్ని ఉన్నాయి. ఇంకెక్కడా లేవంటారు. పిడికెడు మట్టిలో బతుకుతాయి, పక్కన గట్టిగా అడుగేస్తే వేరు తెగుతుంది. వేసవిలో కొద్దిరోజులే పూస్తాయి. ఆ కబురు పాకి జనం ఎగబడిన ఏడాది సగం పొదలు చచ్చిపోయాయి. బాబాయికి అన్నం సయించలేదు. మరుసటి ఏడు, కింద బాట పక్కన గుత్తులుగా పూసే మామూలు పొద దగ్గర ‘అరుదైన పువ్వు ఇదే’ అని బోర్డు పాతేశాడు. జనం ఫొటోలు దిగి హాయిగా వెళ్ళిపోయేవారు. ఈ సంగతి ఆయనకీ, పై అధికారికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పిన్నికి అసలు చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ పువ్వు పిన్నికి సవతి. “ఆవిడగారు కులాసానా?” అని అడిగేది, ఆయన ఇంటికి రాగానే. చూడటం మాత్రం ఏటికేడూ వాయిదా వేసేది. ఈసారి డాక్టరు ఆవిడ మోకాళ్ళు చూసి, ఇక కొండలెక్కడం మరిచిపొమ్మన్నాడు. మర్నాడే ఆయనకి చెప్పకుండా నన్ను తోడు తీసుకుని బయల్దేరింది.

బోర్డు దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకుంది. “ఇంత అందగత్తెనా! అయితే మీ బాబాయిది తప్పేం లేదులే.” నా ప్రాణం చివుక్కుమంది. అంతలో పైనుంచి బాబాయి దిగివచ్చాడు. చుట్టూ జనం. పిన్ని చెవి దగ్గరకు వంగాడు.

“ఇంకాస్త పైకి నడవగలవా?”

“ఎందుకండీ?”

“నడువు, చెప్తా.”

పిన్నికి తెలిస్తే సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది, మిగిలిన పొదలూ మిగలవు. అది ఆయనకీ తెలుసు. కానీ ఆవిడకి ఉత్తుత్తి పువ్వు చూపించి పంపడం ఆయన వల్ల కాలేదు. చెయ్యి పట్టుకుని, రాయి రాయికీ కూర్చోబెడుతూ తీసుకెళ్ళాడు.

రాళ్ళ సందున గోరంత తెల్లపువ్వు. పిన్ని వంగలేక వంగి చూసింది.

“ఇదా? కిందదే బాగుంది కదండీ!”

బాబాయి సంగతంతా చెప్పాడు. పిన్ని చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, వేరు తొక్కకుండా ఆచితూచి వెనక్కి జరిగింది.

దిగుతుంటే ఓ జంట ఎదురైంది. “ఆ పువ్వు పైన ఉందా అండీ?”

ముఖం పట్టిచ్చేస్తుందని బాబాయి అటు తిరిగి నిలబడ్డాడు.

“పైన రాళ్ళు తప్ప ఏమున్నాయమ్మా, నా మోకాళ్ళు అరిగిపోయాయి” అంది పిన్ని. “కింద బోర్డుంది చూడండి. నేనైతే చూసి ఏడ్చేశాను.”