భుజంలో సున్నం

మిస్సిసాగాలో చదువుకునే రోజుల్లో నాకు మా రూమ్మేట్ చేతులంటే కుళ్ళు. కెనడా కాలేజీల నిండా మనవాళ్ళే దిగుతున్న కాలం అది. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆమెది వరంగల్, నాది గుంటూరు. ఇద్దరికీ ఎయిర్‌పోర్టు దగ్గరి వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎత్తి అరల్లో సర్దే పార్ట్‌టైం పని. చదువు అయ్యాక ఒకరిని ఫుల్‌టైం తీసుకుంటానని మేనేజర్ చెప్పాడు. ఆ ఒకరు నేనే కావాలి. పనిలో ముందు చేరింది నేను.

సరిగ్గా అప్పుడే నా కుడి భుజం మొరాయించింది. పై అరకు చెయ్యి లేపితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఎక్స్‌రేలో ఎముక పక్కన సుద్దముక్కలా తెల్లటి మచ్చ కనిపించింది. కండను ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది అరిగి, ఆ అరిగిన చోట కాల్షియం పేరుకుందట. కాల్షియం అన్న మాట విన్నాక డాక్టరు ఇంకేం చెప్పిందో నా చెవికెక్కలేదు. ఇంటికొచ్చి పాలు, పెరుగు మానేశాను. ఫోన్లో అమ్మ కూడా, "మరి నీకు గడ్డపెరుగు లేందే ముద్ద దిగదు కదే, అదే చేసుంటుంది," అంది.

ఇక చూడండి నా బాధ. నేను పప్పన్నంతో చెయ్యి కడుక్కుంటే, ఎదురుగా ఆమె పెరుగన్నంలో ఆవకాయ నంజుకునేది. ఒళ్ళు మండిపోయేది.

"పెరుగు తింటే భుజంల గడ్డ గడుతదా? ఎవరు చెప్పిన్రే నీకు?" అని నవ్వేది.

జడ వేసుకోవడానికీ చెయ్యి లేచేది కాదు. రోజూ పొద్దున ఆమే వేసేది. ఆ చేతులు నా తల మీద ఉన్నంతసేపూ, ఇవి నావైతే ఏం పోయేది అనుకునేదాన్ని.

నొప్పి సంగతి మేనేజర్‌కు చెప్పొద్దని ఆమెను బతిమాలాను.

"చెప్పను తియ్. నీ పై అర పెట్టెలు నేనెక్కిస్త, నువ్వు కిందియి చూస్కో," అంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు, తిండిలో కాల్షియానికీ దీనికీ సంబంధం లేదని, రక్తంలో అంతా బాగానే ఉందని చెప్పింది. దెబ్బతిన్న చోటే అది చేరుతుందట, చాలామందికి దానంతటదే కరుగుతుందట, కరిగేటప్పుడే నొప్పి ఎక్కువట. ఆ పూట కడుపునిండా పెరుగన్నం తిన్నాను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రెండు వరుసల పై అరలు ఒక్కతే సర్దుతోందని మేనేజర్ ఆ ఫుల్‌టైం ఉద్యోగం ఆమెకే ఇచ్చాడు, పక్క ఊరు మిల్టన్‌లోని కొత్త వేర్‌హౌస్‌లో. ఆ రెండింట్లో ఒక వరుస నాది.

"అవి నీ పెట్టెలని చెప్దామనుకున్న," అంది సూట్‌కేస్ సర్దుతూ. "చెప్తే నీ భుజం సంగతి బయటపడతది గద."

నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది. వెళ్ళే రోజు కూడా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత నొప్పి బాగా ముదిరి, మెల్లగా తగ్గింది. ఒక పొద్దున చెయ్యి తల దాకా లేచింది. అద్దం ముందు నా జడ నేనే వేసుకున్నాను. ఆమె వేసినంత బిగువుగా రాలేదు. విప్పి మళ్ళీ అల్లినా రాలేదు. మిల్టన్‌లో ఆమెతో గదిలో ఉండే అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆ పిల్లకు జడ వేస్తోందేమోనని, మొహమైనా చూడని ఆ పిల్ల మీద కుళ్ళుకున్నాను.