పాస్ కాని గిటారు

ఒక మంగళవారం మధ్యాహ్నం లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే మా ఇంటి ఓనరుగారి అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న పోయినాడక్కా. అన్నం తినేసి పనిగదిలో కూకున్నాడు. ఒల్లో గిటారు ఉంది. అలాగే ఎల్లిపోనాడు" అన్నాడు. ఏదో ఒకటి అడగాలి కదా అని, "చేతిలో ఏముంది?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్నో తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి మాత్రం ఏమీ అనుకోకుండా "గరుకు కాగితం" అని చెప్పాడు.

నాది గుంటూరు. ఉద్యోగం కోసం ఖరగ్‌పూర్ వచ్చి, ఖరిదా అనే పేటలో ఆయన ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాను. వచ్చిన వారానికే మావయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టాను. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడు. ఈయన వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళకు పైగా బోగీల వడ్రంగం చేశాడు. ఒకసారి ఎవరో ఇంజను డ్రైవరు మెడ విరిగిన గిటారు తెచ్చి అతికించమన్నాడట. అతికించేముందు లోపలంతా చూశాడు. ఆ తర్వాత మనిషికి నిద్రపట్టలేదు. రిటైరయ్యాక అదే పని అయింది.

అసలు సంగతి చెప్పలేదు. ఆయనకు చెవుడు. ఆ వర్క్‌షాపు చప్పుడే చెవులు తినేసింది. చెవులు వినపడని మనిషి గిటార్లు చేస్తున్నాడంటే ఏదో కాలక్షేపం అనుకున్నాను. నా తెలివి అంతే. ఒకరోజు టీ ఇవ్వడానికి పనిగదిలోకి వెళ్తే, పల్చటి దేవదారు పలక అంచుకు దవడ ఆనించి, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో తడుతున్నాడు. తట్టడం, రెండుసార్లు చిత్రిక పట్టడం, మళ్ళీ దవడ ఆనించడం. ఏం చేస్తున్నారని సైగ చేశాను. "సెవులు పోతే పోనీ. దవడ ఉంది కదేటి, సెక్క అదురు దాన్లోకి ఎక్కుతాది" అన్నాడు. గోడకు వేలాడే గిటారు మీద అరచెయ్యి వేసి, పూరీ గేట్ వైపు వెళ్ళే రైలు గూడ్సో ప్యాసింజరో చెప్పేసేవాడు. వాకిట్లోకి పరిగెత్తి చూసేదాన్ని. ఒక్కసారైనా తప్పుతుందేమో అని నా ఆశ. తప్పలేదు.

గిటారు కావాలని వచ్చినవాళ్ళకు ముందు కిటికీ అద్దాలకు పెట్టే లప్పం ముద్ద చేతికిచ్చేవాడు. ఒకసారి సాలువా క్యాంపు నుంచి ఒక జవాను వచ్చాడు. అరటికాయల్లాంటి వేళ్ళు. "బస్సులో రాడ్డు అట్టుకున్నట్టు అట్టుకో దాదా, గట్టిగా కాదు" అన్నాడు మావయ్యగారు. వేళ్ళ గుంటలు పడ్డ ఆ ముద్దను నీడలో ఆరబెట్టి, పేరు రాసిన చీటీ అంటించి, అలమరలో పెట్టాడు. తర్వాత నెలల తరబడి ఎడమచెయ్యి ఆ ముద్ద మీద, కుడిచెయ్యి గిటారు మెడ మీద. కళ్ళు మూసుకుని ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాడు. చివరికి జవాను వచ్చి దాన్ని పట్టుకున్నాడు. మీటనైనా మీటకుండానే "యే మేరా హై", ఇది నాదే, అన్నాడు. ఆ అలమరలో అరవై డెబ్భై ముద్దలుండేవి. వాటి ముందు నిలబడితే అంతమంది చేతులు చాపినట్టుండేది.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేదట. బోగీ బాగు చేసినవాడు దాన్ని పాస్ చెయ్యకూడదు. వేరే మనిషి వచ్చి చూసి, బాగుంటే సుద్దతో టిక్కు, లేకపోతే తప్పున్న చోట ఇంటూ పెట్టాలి. మావయ్యగారు ఆ పద్ధతిని ఇంటికి తెచ్చుకున్నాడు. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడే పాస్ చేసేవారు. ఆవిడ పోయాక, కాలేజీ రోజుల్లో కాస్త గిటారు నేర్చుకున్నాను కదా అని, ఆ సుద్దముక్క నా చేతికొచ్చింది.

మొదటిదానికే తప్పు చేశాను. అది పూరీ గేట్‌లో పాటలు నేర్పే బెంగాలీ దీదీ కోసం చేసిన గిటారు. మీటితే శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు వచ్చింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. నాలుగు నెలల కష్టం, డెబ్భై దాటిన మనిషి, ఎలాగూ వినపడదు. తల ఊపి టిక్కు పెట్టాను. ఆయన దవడ ఆనించి ఒకసారి మీటాడు. తడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తుడిసీ" అన్నాడు. "నాకు ఇనపడదని ఒగ్గేసినావా?"

"మీరు బాధపడతారని..." అని కాగితం మీద రాశాను.

"నా బాధ నాను పడతాను. ఆ దీదీ బతికినన్నాళ్ళు దీంతోటి పాడాల. నీ మొగమాటం ఆవిడ మొయ్యాలేటి?"

టిక్కు తుడిచేశాను. ఆయనే కాస్త మెత్తబడి, "తప్పు నాదేలే. బోగీలు కట్టిన సెయ్యి కదా, ఎనభై మంది ఎక్కుతారన్నట్టు లోపల బద్దలు దిట్టంగా ఏసేసినాను. దీని పని బరువు మొయ్యడం కాదమ్మా, ఒణకడం" అన్నాడు.

వారం రోజులు గిటారు పొట్టలో ఉన్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి దూర్చి, కంటికి కనపడని బద్దల్ని చిన్న ఉలితో పల్చబరిచాడు. అంతకు ఒక్క గోరంత ఎక్కువ తీసినా పైపలక కుంగిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ మీటాను. అదే చెక్క, అవే తీగలు. శబ్దం గదంతా నిండిపోయింది. ఈసారి నా మొహం చూడగానే ఆయన సుద్ద అందించాడు. అంత పని తెలిసిన మనిషి నన్ను నమ్మడమే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

కర్మకాండలన్నీ అయ్యాక వాళ్ళబ్బాయి నన్ను పనిగదిలోకి పిలిచాడు. ఆయన పోయినప్పుడు ఒళ్ళో ఉన్న ఆ గిటారు మేకుకు వేలాడుతోంది. "ఇది ఎవులికి సేసినాడో తెలీదక్కా. ఎవులూ రానేదు. నువ్వోపాలి పాస్ సేసీ, ఆలొస్తే ఇచ్చేద్దుం" అన్నాడు.

చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి నా ఎడమచేతి ఉంగరపు వేలు కాస్త వంకర. ఏ గిటారు పట్టుకున్నా ఆ వేలు ఒత్తుకుంటుంది. ఇక్కడ ఒత్తుకోలేదు. ఆ వేలు ఆనేచోట మెడ చిన్నగా పల్చబడి ఉంది. అలమర వైపు చూశాను. చీటీ లేని ముద్ద ఒకటే ఉంది. దాన్ని పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే వాటి గుంటల్లోకి వెళ్ళాయి. పోయిన చలికాలం, "కళ్ళజోడు ఎతుక్కుంతాను, ఈ లప్పం కూసింత అట్టుకోమ్మా" అని నా చేతికిచ్చాడు. అప్పుడు కళ్ళజోడు ఆయన నెత్తిమీదే ఉంది. నవ్వుకున్నాను కూడా.

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. తర్వాత ఒక్కొక్క తీగే మీటాను. అంత నిండైన శబ్దం నా చేతుల్లోంచి వస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు. లావు తీగ మీద, మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్లలో అయిదో మెట్టు దగ్గర మాత్రం సన్నగా జిర్రుమంది. మళ్ళీ మీటాను. మళ్ళీ జిర్రుమంది. ఆ మెట్టు ఒక పక్కన తళతళలాడుతోంది, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు. రెండో పక్కన ఇంకా మసకగానే ఉంది.

"బాగుంది కదక్కా, టిక్కు ఎట్టీ" అన్నాడు ఆ అబ్బాయి.

నాది. నాకోసం చేసింది. చేసినాయన లేడు. ఎవరూ అడగరు. సుద్ద తీసుకుని అయిదో మెట్టు పక్కన ఇంటూ పెట్టాను. ఆ అబ్బాయి దాన్ని మళ్ళీ మేకుకు తగిలించాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. గూడ్సు వెళ్ళినప్పుడల్లా ఆరు తీగలూ సన్నగా మోగుతాయి. నేను దవడ ఆనించి నిలబడతాను. సుద్ద గుర్తు మాత్రం చెరగలేదు.